రాయగడ నుంచి వైజాగ్: అమ్మతో తిరగడం ఎలా?

ప్రశ్న (రాయగడ): అమ్మకి మోకాళ్ళ నొప్పులు, అయినా సముద్రం చూడాలని ఒకటే పట్టు. విశాఖ స్టేషన్‌లో దిగాక ఆటోలే దిక్కా, సిటీ బస్సులు నయమా?

జవాబు (గుణుపురం): బస్సే మేలక్కా. 900కె ఎక్కితే రుషికొండ మీదుగా భీమిలి పోతుంది, కుడివైపు కిటికీ పక్కన కూర్చోబెట్టండి, సాగర్‌నగర్ దాటాక దారిపొడవునా సముద్రమే, అమ్మగారు దిగకుండానే కళ్ళారా చూస్తారు.

జవాబు (బరంపురం): సోమవారం వద్దు, బీచ్ దగ్గరున్న కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం మూసేస్తారు. లోపల గుమ్మాలు గుండ్రంగా, ఇరుగ్గా ఉంటాయి, కాలెత్తి వంగి దాటాలి, అమ్మగారికి కష్టం. కైలాసగిరికైతే రోప్‌వే ఉంది. ఆర్కే బీచ్‌లో మాత్రం ఎవరూ లోపలికి దిగొద్దు, అల వెనక్కి లాగేస్తుంది.

ప్రశ్న అడిగినామె: థాంక్స్ తమ్ముడూ, అయితే మంగళవారమే బయల్దేరతాం.