పాత కంప్యూటర్‌లోని ఫోల్డర్ కొత్త కంప్యూటర్‌లో తెరుచుకోవడం లేదు

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డు దగ్గర మా కమీషన్ దుకాణంలో విండోస్ ఎక్స్‌పి, విండోస్ 7, కొత్తగా కొన్న విండోస్ 11 కంప్యూటర్లు ఒకే నెట్‌వర్క్ స్విచ్‌కు కలిపి ఉన్నాయి. కాటా చీటీల ఫోల్డర్ ఎక్స్‌పిలో ఉంది. విండోస్ 7లో అది తెరుచుకుంటోంది. కొత్తదాని నుంచి ఎక్స్‌పిని పింగ్ చేస్తే (అది అందుతోందో లేదో పరీక్షిస్తే) జవాబు వస్తున్నా, ఫోల్డర్ మాత్రం తెరుచుకోవడం లేదు. కేబుల్ మార్చమంటారా?

జవాబు 1: పింగ్‌కు జవాబు వస్తోందంటే కేబుల్, స్విచ్ బాగానే ఉన్నట్లు, వాటి మీద డబ్బు ఖర్చు పెట్టకండి. ఫైళ్ళు పంచుకోవడానికి ఎక్స్‌పికి తెలిసినది ఎస్ఎంబి 1 అనే పాత పద్ధతి ఒక్కటే కాగా, 2017లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1709 నుంచి మైక్రోసాఫ్ట్ దానిని మామూలుగా ఇన్‌స్టాల్ చేయడం లేదు. విండోస్ ఫీచర్స్‌లోకి వెళ్ళి దానిని ఆన్ చేసుకోవచ్చు గానీ, 2017 మేలో ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై వ్యాపించింది ఆ ఎస్ఎంబి 1లోని లోపం గుండానే కనుక, లెక్కలున్న కంప్యూటర్‌లో ఆ పని చేయవద్దని గట్టిగా చెబుతాను. విండోస్ 7కు ఎస్ఎంబి 1, 2 రెండూ వచ్చు. ఫోల్డర్‌ను అందులోకి మార్చండి.

జవాబు 2: పై సలహా సరైనదే. అయితే విండోస్ 7లో పాస్‌వర్డ్ ఉన్న యూజర్‌ను తయారు చేసి, ఆ పేరుతోనే షేర్ ఇవ్వండి. పాస్‌వర్డ్ లేని గెస్ట్ ప్రవేశాన్ని విండోస్ 11 కొత్త వెర్షన్లు ఒప్పుకోవు. ఆ కంప్యూటర్‌కు మారని ఐపి అడ్రస్ (నెట్‌వర్క్‌లో దానిని గుర్తించే సంఖ్య) కూడా పెట్టండి.

ప్రశ్న అడిగినవారు: ఫోల్డర్ మార్చాము, ఇప్పుడు రెండింటిలోనూ తెరుచుకుంటోంది. ఎక్స్‌పికి ఇంటర్నెట్ ఉంచవచ్చా?

జవాబు 1: వద్దు. దాని నెట్‌వర్క్ సెట్టింగుల్లో గేట్‌వే (ఇంటర్నెట్‌కు దారి చూపే అడ్రస్) గడి ఖాళీగా వదిలేయండి; లోపలి కంప్యూటర్లతో పని ఆగదు.