కాలేజీలో ఆటలు, పార్ట్‌టైమ్ పని... కెరీర్‌కి పనికొస్తాయా?

ప్రశ్న:
అన్నా, నాది హన్మకొండ, బీటెక్ సెకండియర్. పొద్దున వాలీబాల్ ప్రాక్టీస్, సాయంత్రం మెడికల్ షాపులో కౌంటర్ పని. నాన్నేమో రెండూ మానేసి చదువుకోమంటున్నాడు. నిజంగా టైమ్ వేస్టేనా?

రిప్లై 1:
అస్సలు కాదు తమ్ముడూ. నేను ఫ్రెషర్స్‌ని ఇంటర్వ్యూ చేస్తుంటా, ప్రాజెక్టు గురించి అందరూ ఒకేలా అప్పజెప్తారు, కానీ కోపంగా ఉన్న కస్టమర్‌ని ఎట్లా సముదాయించావు అని అడిగితే కౌంటర్ మీద నిలబడ్డోడే సొంతంగా చెప్పగలడు. అది రెజ్యూమెలో రాయి, సిగ్గుపడకు.

రిప్లై 2:
నేను అమెరికాలో ఎమ్మెస్ చేశా. ఎఫ్-1 వీసా మీద క్లాసులు నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పనిచేయనిస్తారు. డైనింగ్ హాల్లో గిన్నెలు కడుగుతూ అసైన్‌మెంట్లు పూర్తి చేసినప్పుడే నాకు టైమ్ విలువ తెలిసింది. పరీక్షల వారం మాత్రం షిఫ్టులు తగ్గించుకో, నేను తగ్గించుకోక ఒక సబ్జెక్టులో బాగా దెబ్బతిన్నా.

రిప్లై 3:
తెలంగాణలో ప్రభుత్వ ఉద్యోగాలకి 2 శాతం స్పోర్ట్స్ కోటా ఉంది, సర్టిఫికెట్లన్నీ జాగ్రత్తగా దాచుకో. బ్యాడ్మింటన్ ప్లేయర్ పీవీ సింధు ఆడుతూనే ఎంబీఏ చేసింది కదా, 2017లో ఆంధ్రప్రదేశ్‌లో డిప్యూటీ కలెక్టర్ పోస్టు కూడా వచ్చింది. అందరికీ ఆ స్థాయి రాదులే, కానీ ఓడిపోయిన మర్నాడు కూడా గ్రౌండ్‌కి వెళ్లే అలవాటుంది చూడు, ఉద్యోగంలో అది చాలా ఆదుకుంటుంది.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ అన్నా, ఇవన్నీ ఇవాళే నాన్నకి చదివి వినిపిస్తా.