అప్‌డేట్: పెట్టెలు ఎత్తితే నడుం పట్టేస్తోందని అడిగాను కదా

30 కిలోల పెట్టెలు నేల మీంచి ఎత్తి పై అరలో పెడుతుంటే నడుం పట్టేస్తోంది, బెల్టు కొనాలా అని పోయిన నెల అడిగాను. కొనలేదు. మీరన్నట్టు ముందు బరువు సంగతి చూశాం. పని చోట భద్రత, ఆరోగ్యంపై పరిశోధించే అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ లెక్కలో, అన్నీ అనుకూలంగా ఉంటేనే ఒకరు ఎత్తదగ్గ బరువు 23 కిలోలు. నేల మీంచి, ఒంటికి దూరంగా ఎత్తితే అంతకంటే తక్కువే. అది సూపర్‌వైజర్‌కి చూపించాను. ఇప్పుడు 15 కిలోల చొప్పునే కడుతున్నారు, బరువైనవి నడుం ఎత్తు అరలోకి మార్చారు.

నా అసలు తప్పు ఎత్తడంలో కంటే తిరగడంలో ఉంది. పాదాలు కదపకుండా నడుం మెలితిప్పేవాణ్ణి. ఇప్పుడు పెట్టెని పొట్టకి ఆనించుకుని, అడుగులేస్తూ తిరుగుతున్నా. నొప్పి చాలా తగ్గింది. సాయంత్రానికి ఎడమ కాలు ఇంకా లాగుతోంది, గురువారం డాక్టరుకి చూపించుకుంటాను. మీ మేలు మర్చిపోను.