మోటార్‌హోమ్ ఊగకుండా స్టెబిలైజర్ బార్ సొంతంగా చేసుకోవచ్చా?

ప్రశ్న: పెద్ద లారీ పక్కనుంచి దాటిపోయినప్పుడల్లా మా మోటార్‌హోమ్ వెనక భాగం పక్కకు జరుగుతోంది. స్టీరింగ్ సరిచేసుకోలేక చేతులు పడిపోతున్నాయి. వెల్డింగ్ నాకు వచ్చు. 30 మి.మీ. ఇనుప కడ్డీ వంచి స్టెబిలైజర్ బార్ చేసుకుంటే సరిపోతుందా?

జవాబు: ముందు ఒకటి చెప్పండి. మలుపుల్లో బండి ఒరుగుతోందా, లేక నిటారుగానే ఉండి తోక మాత్రం జరుగుతోందా?

ప్రశ్న: తోకే అండీ. ఒరగడం పెద్దగా లేదు.

జవాబు: అయితే మీకు కావాల్సింది ప్యాన్‌హార్డ్ రాడ్. దాని ఒక కొస యాక్సిల్‌కి (చక్రాల ఇరుసుకి), రెండో కొస అవతలి వైపు చాసిస్‌కి (బండి అడుగు ఫ్రేమ్‌కి) ఉంటుంది. యాక్సిల్ అడ్డంగా జరగకుండా పట్టుకుంటుంది. దాని మీద పడేది లాగుడు, నెట్టుడు మాత్రమే కాబట్టి మందపాటి ట్యూబుతో ఇంట్లో చేసుకోవచ్చు.

మీరనుకున్న బార్ సంగతి వేరు. అది మలుపుల్లో బండి ఒరగకుండా ఆపేది, మెలితిరుగుతూ పనిచేస్తుంది. నేను ఒకసారి మామూలు కడ్డీతో చేశాను. మూడో నెలలో కిందికి దూరి చూస్తే వెల్డింగ్ అంచున వెంట్రుకంత పగులు, అందులోంచి ఎర్రటి తుప్పు చార. ఏ స్టీలైనా బిగుతు, అంటే మెలితిప్పితే ఎదిరించే గుణం, దాదాపు ఒకటే. తేడా అంతా మెలితిరిగాక మళ్లీ యథాస్థితికి రావడంలో ఉంది, అందుకే దానికి స్ప్రింగ్ స్టీల్ వాడతారు. బిగుతును నిర్ణయించేది మందం: 25 మి.మీ. నుంచి 30కి పెంచితే రెట్టింపు దాటుతుంది. దాన్ని మాత్రం వెల్డింగ్‌తో చేయకండి, దయచేసి.

ప్రశ్న: రాడ్ పొడవు ఎంత ఉండాలి? బ్రాకెట్ యాక్సిల్‌కే వెల్డ్ చేసేయనా?

జవాబు: వీలైనంత పొడవు, బండి మామూలు బరువుతో నిలబడ్డప్పుడు నేలకు సమాంతరంగా. చక్రం ఎగిరిపడినప్పుడు రాడ్ కొస వంపుగా కదిలి యాక్సిల్‌ను పక్కకు లాగుతుంది. 75 మి.మీ. కదలికకు 900 మి.మీ. రాడ్ దాన్ని 3 మి.మీ. జరిపితే, 450 మి.మీ. రాడ్ 6 దాటిస్తుంది.

యాక్సిల్‌కి వెల్డ్ వద్దు, వేడికి వంగిపోతుంది. యూ బోల్టులతో బిగించండి. చాసిస్ వైపు రంధ్రాలు నిలువు పలకలోనే వేయండి, పైకింది అంచుల్లో వద్దు. రాడ్ కొసల్లో ఉండే రబ్బరు బుష్‌ల (రబ్బరు గొట్టాల) బోల్టులు బండి చక్రాల మీద నిలబడ్డాకే చివరిగా బిగించాలి. జాకీ మీద ఉండగా బిగిస్తే బండి దించగానే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది.

ఇదంతా మొదలుపెట్టే ముందు టైర్లలో గాలి, స్ప్రింగ్ షాకిల్ (స్ప్రింగ్ కొసను చాసిస్‌కి కలిపే లింకు) బుష్‌లు చూడండి. బుష్ అరిగితే సరిగ్గా ఇలాగే తోక జరుగుతుంది.