చర్చ: కపోసి కేన్సర్, పాపర్స్, ఉమ్మి – అసలు రిస్క్ ఎక్కడున్నది?

హన్మకొండ_పోరడు: గే మగవాళ్లకు వచ్చే కపోసి సార్కోమా అనే కేన్సర్ పాపర్స్ (కిక్కు కోసం సీసాల నుంచి వాసన చూసే నైట్రైట్ రసాయనం) పీల్చుడు వల్లనే వస్తదని ఒక గ్రూపుల అంటున్నరు. కండోమ్ పక్కాగ వాడితే భయం లేదా? తెలిసినోళ్లు చెప్పుండ్రి.

ల్యాబ్_బాబాయి: పాపర్స్ ముచ్చట పాతది తమ్మీ. 1981ల న్యూయార్క్, కాలిఫోర్నియాల పడుసు పోరగాళ్లకు ఈ కేన్సర్ కనబడ్డప్పుడు కారణం తెల్వక దాని మీద అనుమానపడ్డరు. పాపర్స్ వాడేటోళ్లకు పార్ట్‌నర్లు గూడ ఎక్కువుండేది, అందుకే లెక్కల్ల అదే దోషి లెక్క కొట్టొచ్చింది. 1994ల యువాన్ చాంగ్, ప్యాట్రిక్ మూర్ ఈ కేన్సర్ తెచ్చే హెచ్‌హెచ్‌వీ-8 వైరస్‌ను పట్టుకున్నంక అసలు కారణం బయటపడ్డది. అట్లని పాపర్స్ మంచియి అంటలేను. వయాగ్రా గోళీతోని కలిపితే బీపీ ఒక్కసారే పడి ప్రాణం మీదికొస్తది.

కౌన్సిలింగ్_అక్క: కండోమ్ హెచ్‌ఐవీని ఆపినంత బాగ ఈ హెచ్‌హెచ్‌వీ-8ను ఆపదు. ఈ వైరస్ వీర్యంలకన్న ఉమ్మిలనే ఎక్కువ. గాఢమైన ముద్దులు, మలద్వారం దగ్గర నోరు పెట్టుడు, ఉమ్మినే ల్యూబ్ (జారుడు జెల్) లెక్క రాసుడు, ఇవన్నీ దారులే. ముద్దులు బంద్ చెయ్యమని ఎవ్వరం చెప్పలేం, చెప్పినా ఎవ్వరు వినరు. ఉమ్మి బదులు నీళ్ల ల్యూబ్ వాడుడైతే చేతుల పనే. కొబ్బరినూనె, వాసెలిన్ వద్దు, లేటెక్స్ కండోమ్ చినుగుతది.

ఏఆర్‌టీ_ముచ్చట్లు: అక్క చెప్పింది కరెక్టే గని అసలు రిస్క్ వేరే ఉన్నది. వైరస్ ఉన్నోళ్లందరికీ కేన్సర్ రాదు. హెచ్‌ఐవీ ఉండి, టెస్టు చేయించుకోక, మందు మొదలువెట్టక సీడీ4 (రోగాలతోని కొట్లాడే తెల్ల రక్తకణాల లెక్క) పడిపోయినోళ్లకే ఎక్కువ. ఎవరన్న చూస్తరని సిగ్గువడి టెస్టు వాయిదా వేసుడే అన్నిటికన్న చెడ్డ అలవాటు. హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేస్తే దగ్గరున్న సెంటర్ చెప్తరు. వరంగల్ ఎంజీఎం దవాఖానల ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అణిచే మందుల) సెంటర్ ఉన్నది, మందులు ఫ్రీ. నీ ఒప్పుకోలు లేకుంట టెస్టు చేసుడు, రిపోర్టు బయటపెట్టుడు 2017 హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం తప్పు.

చర్మం_డాక్టర్: పుస్తకాల బొమ్మల్లో ఈ కేన్సర్ ఊదా రంగు మచ్చలు చూసి అవే వెతుకుతుంటారు. మన ఒంటి రంగు మీద ముదురు గోధుమ, దాదాపు నలుపు రంగులో కనిపిస్తాయి. నొప్పి, దురద సాధారణంగా ఉండవు. కాళ్లు, ముక్కు కొస, నోట్లో అంగిలి చూసుకోండి. మన దగ్గర జరిగే తప్పు ఏమిటంటే, తామర అనుకుని మెడికల్ షాపు క్రీములు నెలల తరబడి రాస్తారు, లేదంటే ఆర్‌ఎంపీ దగ్గర స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకుంటారు. ఒంట్లోకి వెళ్లే స్టెరాయిడ్ ఈ కేన్సర్‌ను రెచ్చగొడుతుంది. కంటితో చూసి తేల్చకూడదు, బయాప్సీ (మచ్చ నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) తప్పనిసరి. బార్టొనెల్లా బాక్టీరియా మచ్చలు అచ్చం ఇలాగే ఉంటాయి, అవి యాంటీబయాటిక్‌తో పోతాయి.

ఏఆర్‌టీ_ముచ్చట్లు: ఇంకోటి. హెచ్‌ఐవీ మందు మొదలైన మొదటి వారాలు, నెలల్ల మచ్చలు ఒక్కోసారి పెరుగుతయి. రోగనిరోధక శక్తి తిరిగొస్తున్నప్పుడు అట్లైతది. గోళీలు ఆపొద్దు, సెంటర్‌కు పోయి చూపియ్యాలె. నోట్లె, ఊపిరితిత్తుల్ల, పేగుల్ల ఉంటే ఏఆర్‌టీతోపాటు కీమో గూడ పెడ్తరు.

హన్మకొండ_పోరడు: మరి హెచ్‌హెచ్‌వీ-8కు రక్తపరీక్ష చేయించుకోవాల్నా?

ల్యాబ్_బాబాయి: వద్దు. పాజిటివ్ వచ్చినా ఇచ్చే మందు లేదు, మనసుకు రంధి తప్ప. మన దేశంల ఈ వైరస్ తక్కువనే. ఆ పైసలు ఉంచుకో, హెచ్‌ఐవీ టెస్టు సర్కారు దవాఖానల ఫ్రీగనే చేస్తరు.