కొత్త స్పోర్ట్ టూరర్ తీసుకున్నా: మొదటి రైడ్ ముచ్చట్లు, కొన్ని డౌట్లు

రోడ్డుపక్షి:
అందరికీ నమస్తే. చాలా ఏళ్లు సింగిల్ సిలిండర్ బండి మీదే తిరిగా, మొన్ననే లీటర్ క్లాస్ (వెయ్యి సీసీ చుట్టుపక్కల) స్పోర్ట్ టూరర్, అంటే స్పీడుకీ దూరప్రయాణాలకీ పనికొచ్చే బండి, ఇంటికొచ్చింది. ఇన్‌లైన్ ఫోర్ (వరసగా నాలుగు సిలిండర్లు), చైన్ డ్రైవ్, పెట్రోల్ నింపితే 235 కిలోల దాకా ఉంటుంది. బ్రాండ్ కావాలనే చెప్పట్లేదు, చెబితే ఈ చర్చ ఎటు పోతుందో మీకే తెలుసు.

పార్కింగ్‌లో వెనక్కి నెట్టాలంటే గుండె దడే. కానీ కదిలి 20 దాటిందా, ఆ బరువంతా ఏమైపోతుందో తెలీదు. ఆరో గేర్లో నాలుగు వేల ఆర్‌పీఎమ్ చుట్టుపక్కల వంద మీద హాయిగా పోతుంది, అక్కణ్ణించి గేర్ దించకుండా థ్రాటిల్ కాస్త తిప్పితే చాలు, లారీ అద్దంలోకి వెళ్లిపోతుంది. పాత బండి మీద ఓవర్‌టేక్ అంటే ముందే లెక్కలు వేసుకునేవాణ్ణి, ఇప్పుడు ఆ టెన్షనే లేదు. క్విక్ షిఫ్టర్ (క్లచ్ పట్టకుండా గేర్ మార్చేది) కింది ఆర్‌పీఎమ్‌లో గట్టిగా తంతోంది, పైన మాత్రం వెన్నలా పడుతోంది. సిటీ ట్రాఫిక్‌లో మణికట్లు నొప్పి, హైవే ఎక్కి గాలి ఛాతీకి తగిలితే ఆ భారం తగ్గిపోతుంది.

ఇప్పుడు డౌట్లు. 1) వంద దాటితే గాలి భుజాలకి తగలట్లేదు గానీ హెల్మెట్‌ని పట్టుకుని ఊపేస్తోంది, రాత్రి ఇంటికొచ్చాక కూడా చెవుల్లో గుయ్యిమంటోంది. 2) వెనక సస్పెన్షన్ గతుకుల మీద నడుం విరిచేస్తోంది, మా ఆవిడ ఎక్కితే మాత్రం ముందు చక్రం తేలికైపోయినట్టుంటుంది. 3) హార్డ్ బాక్సులా, సాఫ్ట్ బ్యాగులా?

ఆరోగేర్:
కంగ్రాట్స్ అన్నా! ఆ ఓవర్‌టేక్ ఫీలింగ్ ఉంది చూశారా, దాని కోసమే ఈ క్లాస్ బండ్లు. స్క్రీన్ (ముందుండే గాలి అద్దం) సంగతి చెప్తా. హెల్మెట్ ఊగేది గాలి ఎక్కువై కాదు, స్క్రీన్ పై అంచు దగ్గర గాలి చెదిరి సుళ్లు తిరుగుతుంది, ఆ సుళ్లు సరిగ్గా మీ హెల్మెట్‌కి తగులుతున్నాయి. ఒకసారి ఖాళీ రోడ్డు మీద స్టెడీగా పోతూ సీటు మీంచి రెండు అంగుళాలు పైకి లేవండి, తర్వాత కిందికి వంగండి. పైకి లేస్తే ఊపు తగ్గిందా, స్క్రీన్ కిందికి దించండి, చెదరని గాలి నేరుగా తగులుతుంది, మోత ఉంటుంది గానీ తల ఊగదు. వంగితే తగ్గిందా, అప్పుడు పెద్ద స్క్రీన్ కావాలి. అన్నిటికంటే చెడ్డది మధ్యలో ఉండటం. అందరూ ఎగబడి పొడుగు స్క్రీన్ కొంటారు, అది కూడా సగంలో ఆగిపోయే సైజయితే ఉన్న ఊపు ఇంకా పెరుగుతుంది.

వానరోడ్డు:
స్క్రీన్ తర్వాత చూసుకోవచ్చు, ముందు ఇయర్ ప్లగ్స్ పెట్టుకోండి. నేను చాలా లేటుగా మొదలుపెట్టా, అప్పటికే ఎడమ చెవిలో సన్నటి ఈల పర్మనెంట్ అయిపోయింది. రాత్రి ఫ్యాన్ ఆపితే నిద్ర పట్టదు, ఆ ఈలే వినిపిస్తుంది. కొత్త బండి అనగానే గార్డులు, లైట్లు, స్టిక్కర్లు కొంటాం గానీ దీని గురించి ఎవరూ చెప్పరు.

పాతకార్బ్:
ఇయర్ ప్లగ్స్ సలహా ఇచ్చేవాళ్లకి దండం. రోడ్డు మీద చెవులు మూసుకుని పోవడం ఏంటండీ? వెనకాల అంబులెన్స్ వస్తే? పక్కన లారీ హారన్ కొడితే? కార్బ్యురేటర్ల కాలం నుంచీ నడుపుతున్నా, టాపెట్ లూజయిందా, చైన్ ఎండిందా అన్నీ చెవితోనే పట్టేవాణ్ణి. ఇంజన్ మాట్లాడుతుంది, వినాలి. కొత్త కుర్రాళ్లకి మీటర్ మీద అంకెలు తప్ప ఏమీ అక్కర్లేదు.

వానరోడ్డు:
సార్, వంద మీద పోతున్నప్పుడు మీకు టాపెట్ చప్పుడు వినిపిస్తోందా? నిజంగా అడుగుతున్నా.

పాతకార్బ్:
వినిపిస్తుంది. వినడం వచ్చినవాడికి.

శబ్దలెక్క:
నా ఉద్యోగమే వినికిడి పరీక్షలు చేయడం, కాబట్టి ఈ విషయంలో నేను మాట్లాడతా. వంద దాటాక హెల్మెట్ లోపల గాలి హోరు 90 డెసిబెల్స్ పైకి ఈజీగా పోతుంది, ఇంకా స్పీడు పెంచితే 100 దాటుతుంది. ఖరీదైన హెల్మెట్ అయినా ఇదే కథ, ఎందుకంటే చాలా మోత గడ్డం కింద నుంచే వస్తుంది. అమెరికాలో పనిచోట ఆరోగ్యం మీద పరిశోధించే ప్రభుత్వ సంస్థ నియోష్ సిఫార్సు చేసిన పరిమితి 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు. ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ టైమ్ సగం అవుతుంది. 88కి 4 గంటలు, 91కి 2, 94కి 1, 97కి అరగంట, 100కి 15 నిమిషాలు. పొద్దున్న బయల్దేరి సాయంత్రం దాకా హైవే మీద ఉండే మనిషి పరిస్థితి మీరే లెక్కేసుకోండి. లోపలి చెవిలో సన్నటి వెంట్రుకల్లాంటి కణాలుంటాయి, చచ్చిపోతే మళ్లీ పుట్టవు. రోడ్డుపక్షి గారూ, రాత్రి గుయ్యిమంటోంది అన్నారే, అది చెవి పెట్టుకున్న మొర. పొద్దున్నకి తగ్గిపోయింది కదా అని వదిలేయకండి.

ఇక హారన్ సంగతి. హారన్లు, సైరన్లు చెవికి బాగా పట్టే పౌనఃపున్యాల్లో మోగేలా చేస్తారు, గాలి హోరులో ఎక్కువ భాగం తక్కువ పౌనఃపున్యం. ప్లగ్ రెండిట్నీ తగ్గిస్తుంది, నిజమే. కానీ ఆ హోరు వల్ల చెవి దిమ్మెక్కిపోయి ఉంటే ప్లగ్ లేకపోయినా హారన్ విడిగా తెలీదు. హైవే స్పీడులో ప్లగ్స్ పెట్టుకున్నాకే చప్పుళ్లు విడివిడిగా తెలుస్తున్నాయని నా దగ్గరికొచ్చే రైడర్లు చాలామంది అంటారు. మరీ మూసేసినట్టు ఉంటుందని భయమైతే ఫిల్టర్ ఉన్న రకం తీసుకోండి. ఫోమ్‌వి బాగా ఆపుతాయి, ఎస్‌ఎన్‌ఆర్ (మోత ఎంత తగ్గిస్తుందో చెప్పే అంకె) 30 పైన ఉండేవి దొరుకుతాయి, కానీ సన్నగా నలిపి, చెవి పైకి లాగి పట్టుకుని లోపలికి పెట్టాలి. సగం బయటికి వేలాడుతుంటే పెట్టుకున్నా ఒకటే, మానుకున్నా ఒకటే.

పాతకార్బ్:
డిగ్రీలు చూపించి నోరు మూయించాలని చూడకండి. సిటీలో వెనక నుంచి వచ్చే ఆటో సంగతి మీ పట్టికలో లేదు. నా స్నేహితుడు ఒకడు ప్లగ్స్ పెట్టుకుని లేన్ మారుతుంటే పక్కనున్న కారు గీరుకుంటూ పోయింది, కాలు విరిగింది. ఆ రోజు హాస్పిటల్‌లో వాడి పక్కన కూర్చున్నది నేను, మీరు కాదు.

శబ్దలెక్క:
మీ స్నేహితుడి విషయం విని బాధేసింది, మనస్ఫూర్తిగా అంటున్నా. సిటీలో 40 మీద పోయేటప్పుడు పెట్టుకోమని నేను ఎక్కడా అనలేదు. చర్చ వంద దాటిన స్పీడు గురించి. పైగా లేన్ మారేటప్పుడు అద్దం చూసి, తల తిప్పి చూడాలి, చెవి మీద ఆధారపడితే కష్టం.

పాతకార్బ్:
అంటే వాడు చూడలేదంటారా? మనిషి తెలీదు, రోడ్డు తెలీదు, తీర్పు మాత్రం ఇచ్చేశారు. బాగుంది.

ఆరోగేర్:
పెద్దలిద్దరికీ నమస్కారం, ఇక్కడ ఆపుదాం ప్లీజ్. ఆయన కొత్త బండి కొన్న సంతోషంతో రాశారు.

వెనకసీటు:
అందరూ హెల్మెట్లు, స్క్రీన్లు, చెవులు అంటున్నారు, రెండో డౌట్‌లో "మా ఆవిడ ఎక్కితే" అని ఉంది, దాని గురించి ఒక్కరూ మాట్లాడలేదు. నేను ఇలాంటి బండ్ల మీద వెనక చాలా దూరాలు తిరిగిన మనిషిని. వెనక సీటు ఎత్తు, రైడర్ తల మీంచి వచ్చే గాలంతా నేరుగా మా మొహానికే. ఫుట్‌పెగ్స్ పైకి ఉంటాయి, కాసేపటికే మోకాళ్లు పట్టేస్తాయి. క్విక్ షిఫ్టర్ తన్నిన ప్రతిసారీ మా హెల్మెట్ వెళ్లి ముందు హెల్మెట్‌కి కొట్టుకుంటుంది. బ్రేక్ వేస్తే ట్యాంక్ మీద చేతులు ఆనించాలి, లేదంటే బరువంతా రైడర్ మణికట్ల మీదే. గ్రాబ్ రెయిల్ ఉంటే ఒక చెయ్యి దానికి, ఒక చెయ్యి ట్యాంక్‌కి. అన్నయ్యా, వదినని అడిగారా ఎక్కడ నొప్పి పుడుతోందో? ముందు అడగండి, తర్వాత సెట్టింగ్స్ తిప్పండి. ఆవిడ ఉన్నప్పుడు క్విక్ షిఫ్టర్ మానేసి క్లచ్ పట్టి గేర్ వేయండి, ఆ తేడా ఆవిడే చెప్తుంది.

నట్టుబోల్టు:
ఈ అక్క చెప్పింది నూటికి నూరుపాళ్లు కరెక్టు. సస్పెన్షన్ సంగతి నేను చెప్త, జర ఓపికగ చదువురి. ముందుగాల టైర్ల గాలి చూడుర్రి, చల్లగున్నప్పుడు. ఈ సైజు బండ్లకు మస్తు వాటికి ముందు 36, వెనక 42 పీఎస్‌ఐ ఉంటది, మీ మాన్యువల్ల ఎంతుంటే అంత పెట్టుర్రి. షోరూం నుంచి వచ్చినప్పుడు ఒక్కోసారి గాలి ఎక్కువ కొట్టి పంపుతరు, గతుకుల మీద నడుం విరగడానికి సగం కారణం అదే.

తర్వాత శాగ్, అంటే మీరు కూసుంటే సస్పెన్షన్ ఎంత కుంగుతదో అది. వెనక చక్రం గాల్లకు లేపి యాక్సిల్ నుంచి పైన సీటు కాడ ఒక గుర్తు దాక కొలువుర్రి. మళ్ల మీరు గేర్ అంత ఏసుకొని కూసున్నంక అదే కొలత తియ్యుర్రి, ఇంకొకలు బండి పట్టుకోవాలె. రెండిటి తేడా 30 నుంచి 40 మిల్లీమీటర్ల నడుమ ఉండాలె. ఎక్కువ ఉంటే ప్రీలోడ్ (స్ప్రింగ్‌ను ముందుగాల ఎంత నొక్కి పెట్టాల్నో) పెంచుర్రి, తక్కువ ఉంటే తగ్గించుర్రి. ఒక మాట మంచిగ గుర్తుపెట్టుకోర్రి, ప్రీలోడ్ తిప్పితే స్ప్రింగ్ గట్టిపడదు, బండి ఏ ఎత్తుల కూసుంటదో అదే మారుతది. వదినె ఎక్కినప్పుడు వెనక కుంగి ముందు లేస్తున్నది, అందుకే ముందు చక్రం తేలికగ అనిపిస్తున్నది. అప్పుడు ప్రీలోడ్ పెంచాలె, దాంతోని రీబౌండ్ (కుంగిన స్ప్రింగ్ మళ్ల ఎగిరి లేవకుండ ఆపేది) గూడ ఒకట్రెండు క్లిక్కులు. దిగినంక మళ్ల పాత జాగకు తెచ్చుడు మర్చిపోవద్దు, ఏ సెట్టింగ్ దేనికో ఒక కాయితం మీద రాసి సీటు కింద పెట్టుకోర్రి. ఇద్దరు కూసుంటే హెడ్‌లైట్ గూడ పైకి లేస్తది, ఎదురొచ్చేటోళ్ల కండ్లల్ల పడ్తది, అది గూడ దించుర్రి.

షాఫ్ట్‌భక్తుడు:
చైన్ డ్రైవ్‌తో టూరింగ్ ఏంటో నాకు ఎప్పటికీ అర్థం కాదు. వానలో పోయొచ్చి, అలసిపోయి, మోకాళ్ల మీద కూర్చుని చైన్‌కి లూబ్ కొట్టాలా? 2001లో యమహా ఎఫ్‌జేఆర్1300 వచ్చింది, చైన్ బదులు షాఫ్ట్ (వెనక చక్రాన్ని తిప్పే కడ్డీ). 1990లో హోండా ఎస్‌టీ1100 వచ్చింది, షాఫ్ట్. బీఎమ్‌డబ్ల్యూ ఆర్100ఆర్‌ఎస్ 1976లోనే షాఫ్ట్‌తో పాటు విండ్ టన్నెల్లో మలిచిన పూర్తి ఫెయిరింగ్ (గాలిని తప్పించే తొడుగు) ఇచ్చింది. స్క్రీన్ గొడవకి కూడా జవాబు అక్కడే ఉంది, ఎఫ్‌జేఆర్‌లో బటన్ నొక్కితే స్క్రీన్ లేస్తుంది, దిగుతుంది, ఆగి స్పానర్ తియ్యక్కర్లేదు.

ఆరోగేర్:
ఆ ఎఫ్‌జేఆర్ 290 కిలోలు అండీ. ఆయన 235కే పార్కింగ్‌లో గుండె దడ అంటున్నారు. స్పోర్ట్ టూరర్‌లో స్పోర్ట్ కూడా ఉంది కదా, ఘాట్ రోడ్డు మలుపుల్లో ఆ 55 కిలోలు బాగా తెలుస్తాయి.

షాఫ్ట్‌భక్తుడు:
నడపడం వస్తే తెలీదు. ఎస్‌టీ1100కి 28 లీటర్ల ట్యాంక్, మీరు రెండోసారి బంకులో ఆగేసరికి నేను గమ్యంలో ఉంటా.

నట్టుబోల్టు:
షాఫ్ట్‌కు గూడ ఆయిల్ మార్చాలె అన్నా, అస్సలుకే పని లేదనుకోవద్దు. చైన్‌కు సెంటర్ స్టాండ్ లేకపోతె ప్యాడక్ స్టాండ్ (వెనక చక్రం లేపి పట్టేది) ఒకటి కొనుక్కుంటె ఐదు నిమిషాల పని.

రోడ్డుపక్షి:
అందరికీ థ్యాంక్స్. ఆరోగేర్ చెప్పిన టెస్ట్ చేశా, లేచి నిలబడితే ఊపు టక్కున ఆగిపోయింది. స్క్రీన్ అన్నిటికంటే కింది పొజిషన్‌కి దించా. ఇప్పుడు గాలి భుజాలకి బాగా తగులుతోంది కానీ తల నిశ్చలంగా ఉంది, అద్దాల్లో వెనక బండి నంబర్ చదవగలుగుతున్నా. ఫోమ్ ప్లగ్స్ కూడా పెట్టుకున్నా. మొదట నీళ్లలో మునిగినట్టు అనిపించింది, కాసేపటికి అలవాటైంది, హారన్లు వినిపిస్తున్నాయి. అన్నిటికంటే పెద్ద తేడా అలసట. అంతే దూరం, దిగాక తల బరువు లేదు. వెనక టైర్ గాలి మాత్రం నిజంగానే ఎక్కువుంది, నట్టుబోల్టు అన్నా నమస్తే.

మా ఆవిడని అడిగా. మోకాళ్లు కాదట, పట్టుకోవడానికి ఏమీ లేదని భయమట. గ్రాబ్ రెయిల్ చూస్తున్నా.

పాతకార్బ్:
మీ చెవులు, మీ ఇష్టం. ఒక్కటి మాత్రం వినండి, రన్-ఇన్ లో (కొత్త ఇంజన్ సర్దుకునే మొదటి కిలోమీటర్లలో) ఉన్న బండిని క్రూయిజ్ కంట్రోల్ పెట్టి ఒకే ఆర్‌పీఎమ్ మీద గంటలకొద్దీ తోలకండి. మొదటి 800 కిలోమీటర్ల దాకా నాలుగు వేల ఆర్‌పీఎమ్, 1600 దాకా ఆరు వేలు, కొన్ని మాన్యువల్స్‌లో ఇలా ఉంటుంది. ఆ పరిధిలోనే పైకీ కిందికీ ఆడించాలి, పిస్టన్ రింగులు అప్పుడే సరిగ్గా కూర్చుంటాయి. మొదటి ఆయిల్, ఫిల్టర్ టైమ్‌కి మార్పించండి. కొత్త టైర్లు కూడా మొదటి 160 కిలోమీటర్లు జారుతాయి, మలుపుల్లో తొందరపడకండి.

వానరోడ్డు:
ఈ విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నా సార్.

పాతకార్బ్:
సంతోషం. చెవుల విషయంలో నా మాట మారదు.

రోడ్డుపక్షి:
బాక్సుల గురించి ఎవరైనా చెప్తారా? అది అలాగే ఉండిపోయింది.

వెనకసీటు:
హార్డ్ బాక్సులే తీసుకోండి, తాళం ఉంటుంది, వానకి తడవవు. కానీ మూత లోపల స్టిక్కర్ చదవండి, చాలా కంపెనీలు ఒక్కో బాక్సులో 10 కిలోలు మించొద్దంటాయి, స్పీడ్ లిమిట్ కూడా రాస్తాయి. బరువైనవి అడుగున, రెండు వైపులా సమానంగా సర్దండి. టాప్ బాక్స్ వదినకి వీపు ఆనించుకోవడానికి బాగుంటుంది, ఆ భయం సగం పోతుంది. దాంట్లో రెయిన్ కోట్ల లాంటి తేలికైనవే పెట్టండి, బరువు నింపితే 120 దగ్గర హ్యాండిల్ మెల్లగా ఊగడం మొదలవుతుంది.

షాఫ్ట్‌భక్తుడు:
అలా ఊగితే హ్యాండిల్ బిగించి పట్టుకోకూడదు, చేతులు వదులు చేసి, థ్రాటిల్ మెల్లగా తగ్గించాలి. బ్రేక్ తొక్కొద్దు.

గ్లవ్స్‌లేవు:
మధ్యలో వచ్చినందుకు సారీ, ఇలాంటి బండికే నేను కూడా బుక్ చేశా, నా ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు. సీటు 835 మిల్లీమీటర్లు. లోయరింగ్ లింక్ (బండి వెనక ఎత్తు తగ్గించే ముక్క) వేయించాలా, సీటు ఫోమ్ కోయించాలా?

నట్టుబోల్టు:
లింక్ జోలికి పోకు తమ్మి, ముందు శాగ్ కొలువు.