అప్‌డేట్: పాలు మాన్పించాక ఒక రొమ్ము చిన్నదైంది, డాక్టర్ ఏం చెప్పారంటే

పాపకు 14 నెలలకు పాలు మాన్పించాక నా కుడి రొమ్ము ఎడమదానికంటే బాగా చిన్నగా, జారినట్టు కనిపిస్తోందని, చనుమొన చుట్టూ నలుపు పోలేదని అప్పట్లో అడిగాను. ధైర్యం చెప్పిన అక్కలందరికీ థాంక్స్. "ముందు డాక్టర్‌కి చూపించు" అన్న మాటే పనికొచ్చింది.

గైనకాలజిస్ట్ చేత్తో పరీక్షించి, అల్ట్రాసౌండ్ చేయించారు. గడ్డలేమీ లేవు. "పాప ఎటువైపు ఎక్కువ తాగేది?" అని అడిగారు. ఎడమవైపే. రాత్రిళ్లు నేను అటు తిరిగే పడుకునేదాన్ని. ఎక్కువ తాగిన వైపు పాలు ఎక్కువ పడతాయి, ఆ తేడానే ఇది అన్నారు.

జారడం మాత్రం గర్భంతోనే మొదలవుతుందట. పాలగ్రంథులు పెరిగి బరువెక్కడంతో చర్మం, లోపల పట్టి ఉంచే కణజాలం సాగుతాయి. పాలిచ్చినందువల్ల కాదు. పాలిస్తే జారిపోతాయన్న మా అత్తగారి మాట విని, ఇంకో బిడ్డ పుడితే పాలివ్వకూడదనుకున్నాను. ఇది విన్నాక అక్కడే ఏడుపొచ్చేసింది.

ఆముదం మర్దనా, బిగుతు బ్రా దేనికీ పనికిరాలేదు. నల్లని భాగం మీది చిన్న బొడిపెలు నూనె గ్రంథులేనట, నేను గిల్లుతుంటే వద్దన్నారు.

పాలు మాన్పించి ఇప్పటికి 7 నెలలు. సైజు దాదాపు సమానమైంది. చర్మం సాగి పడిన ఎర్ర చారలు తెల్లబడ్డాయి. నలుపు కొంత తగ్గింది. జారడం అలాగే ఉంది.

గడ్డ తగిలినా, చర్మం సొట్టపడినా, చనుమొన కొత్తగా లోపలికి పోయినా, రక్తం కనిపించినా మాత్రం ఆగకండి, వెంటనే చూపించుకోండి.